మాన్యువల్‌కి మల్లినాథుడు

తెలుగునాట బడికెళ్ళినవాళ్ళకి "గైడు" అన్నమాటకి అర్థం చెప్పక్కర్లేదు. టెక్స్టుబుక్కు గవర్నమెంటుది, గైడు బజారుది. మాస్టారి కంట గైడు పడిందా, వీపు విమానం మోతే. పరీక్ష ముందురోజు రాత్రి మాత్రం క్లాసు ఫస్టు వచ్చేవాడి దగ్గర్నుంచి చివరి బెంచీ దాకా అందరి చేతుల్లోనూ అదే. టెక్స్టుబుక్కులో పాఠం ఉంటుంది, గైడులో ఆ పాఠంలోంచి ఏమడుగుతారో అది ఉంటుంది.

కెమెరాలకీ గైడ్లున్నాయి. కంపెనీవాడు కెమెరాతో ఇచ్చే మాన్యువల్ టెక్స్టుబుక్కు అనుకుంటే, అదే కెమెరా మీద బయటివాళ్ళెవరో రాసి అమ్మే పుస్తకం గైడు. ఒక్కో మోడల్‌కి ఒక్కో పుస్తకం, నాలుగైదు వందల పేజీలు. మాన్యువల్ ఊరికే వస్తున్నప్పుడు దానిమీద మళ్ళీ డబ్బు పోయడం దండగా, కాదా? కెమెరా కొన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. నేను దీనికి జవాబు వెతకాల్సి వచ్చింది మా మామగారి మూలంగా.

మామగారు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మార్చిలో మా దగ్గరికి మెల్‌బోర్న్ వచ్చారు, ఆర్నెల్లు ఉండేలా. ఆగస్టులో మా అమ్మాయి ఒక స్కూలు హాల్లో కూచిపూడి చేయబోతోందని తెలియగానే ఆయన ఒక నిర్ణయానికొచ్చారు. ఆ ఫొటోలు ఆయనే తీయాలి. ఫోనుతో కాదు, కెమెరాతో. తీసి, ప్రింట్లు వేయించి, ఊళ్ళో ఉన్న మా అత్తగారికి పట్టుకెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ అంత దూరం విమానం ఎక్కలేకపోయారు. మనవరాలి నాట్యం ఆవిడ చూడబోయేది ఆ కాగితాల మీదే. కాబట్టి గడువుంది, రెండో అవకాశం లేదు.

మాన్యువల్ ప్రింటు తీసి ఇచ్చాను. నిఘంటువులు కాలక్షేపానికి చదివే మనిషి, నాలుగు రోజుల్లో పూర్తిచేశారు.

"ఎలా ఉంది మావయ్యగారూ?"

"బాగానే ఉంది బాబూ. ఏ మీట నొక్కితే ఏమవుతుందో అంతా చెప్పాడు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఒక్కచోటా చెప్పలేదు. శబ్దరత్నాకరం కంఠతా పడితే పద్యం రాయడం వచ్చేస్తుందా?"

మాన్యువల్ మీద ఇంతకన్నా మంచి సమీక్ష నేనింతవరకూ చదవలేదు.

అయితే మాన్యువల్‌ని తిట్టిపోయడం న్యాయం కాదు. అదలా ఉండడానికి కారణాలున్నాయి. అది ఎన్నో భాషల్లోకి మారాల్సిన పుస్తకం, కాబట్టి వాక్యాలు పొడిపొడిగా ఉంటాయి. టోక్యోలో కొన్నవాడికీ తెనాలిలో కొన్నవాడికీ అదే పుస్తకం, కాబట్టి ఏ ఊరి వెలుతురు గురించీ మాట్లాడదు. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే చూపించాల్సిన కాగితం కూడా అదే, కాబట్టి మొదటి పేజీలన్నీ హెచ్చరికలు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఏ కంపెనీ కూడా తన సరుకులోని ఒక భాగాన్ని చూపించి "ఇది మీకు అక్కర్లేదు" అనలేదు. సరదాకి పెట్టిన రంగుల ఎఫెక్టులకీ, రోజూ వాడాల్సిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌కీ ఒకే సైజు అక్షరాలు, ఒకే మర్యాద. విస్తట్లో ఉప్పునీ బూరెనీ ఒకే కొలతతో వడ్డించినట్టుంటుంది.

మాన్యువల్ మాత్రమే చెప్పగలిగేవీ ఉన్నాయి. ఏ కార్డు పడుతుంది, తెరమీద కనబడే ఎర్రర్‌కి అర్థమేమిటి, బ్యాటరీ ఎంత వేడి దాకా తట్టుకుంటుంది, ఇలాంటివి. చిన్న రిమోట్‌లో ఉండే బొత్తాం బ్యాటరీని పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుందన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది. ఆ బ్యాటరీలున్న వస్తువులకి ఆస్ట్రేలియాలో 2022 జూన్ నుంచి ప్రత్యేక భద్రతా నియమాలూ హెచ్చరికలూ తప్పనిసరి చేశారు. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క హెచ్చరిక విలువ ఏ గైడు ఖరీదు కన్నా ఎక్కువే.

ఫిల్ము రోజుల్లో ఈ గొడవ ఇంత లేదు. మామూలు కెమెరాకి తిప్పాల్సిన పిడులు నాలుగు: ఎపర్చర్, షట్టర్, ఫోకస్, ఫిల్ముని ముందుకి లాగేది. మాన్యువల్ పల్చగా ఉండేది. అసలు పాఠం ఫిల్ము పెట్టెలోని కాగితం మీద ఉండేది. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ, నీడ బొమ్మ, ఒక్కో దానికి పెట్టాల్సిన అంకెలు. ఆకాశం వంక చూసి అంకె పెట్టుకుంటే ఫొటో వచ్చేది. ఆ కాగితం మీటల గురించి కాక వెలుతురు గురించి మాట్లాడేది.

1999లో నికాన్ డి1 వచ్చింది. 2003లో కెనాన్ 300డి వెయ్యి అమెరికన్ డాలర్ల లోపు దొరికేసరికి డిజిటల్ ఎస్సెల్లార్ మామూలు ఇళ్ళలోకి దిగింది. ఆ మరుసటేడు నికాన్ డి70. ఆ 2004లోనే ఇక్కడ మెల్‌బోర్న్‌లో, కోబర్గ్‌లో ఉన్న కొడాక్ ఫ్యాక్టరీ మూతపడింది. ఫిల్ము పెట్టె పోయింది, అందులోని కాగితమూ పోయింది. వాటి స్థానంలో మెనూలొచ్చాయి, మెనూల కింద మెనూలొచ్చాయి. మాన్యువల్ ఉబ్బిపోయింది. కొన్నాళ్ళకి అంత లావు పుస్తకం అచ్చువేయడం దండగనుకున్న కంపెనీలు పెట్టెలో నాలుగు పేజీలు పెట్టి, మిగతాది మీరే డౌన్‌లోడ్ చేసుకొమ్మన్నాయి.

గైడ్లు పుంజుకున్నది ఆ సందులోనే. మ్యాజిక్ లాంటర్న్ గైడ్లు ఫిల్ము కాలం నుంచే ఉన్నాయి. డేవిడ్ బుష్ దాదాపు ప్రతి పెద్ద కంపెనీ కెమెరాల మీదా దిట్టమైన పుస్తకాలు రాశాడు. థామ్ హోగన్ నికాన్ కెమెరాల మీద, గ్యారీ ఫ్రీడ్‌మన్ సోనీ కెమెరాల మీద వందల పేజీల ఈ-బుక్కులు రాసి సొంతంగా అమ్ముకున్నారు. డమ్మీస్ వాళ్ళ పసుప్పచ్చ అట్టల పుస్తకాలు సరేసరి.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి ఒక చిక్కు ఎక్కువ. బోర్డర్స్ లాంటి పెద్ద షాపుల్లో ఈ పుస్తకాలు నిలబడి తిరగేసి, నచ్చితే కొనుక్కునే వీలుండేది. ఆ షాపులు ఇక్కడ 2011లో మూతపడ్డాయి. పోస్టేజీ లేకుండా పంపించే బుక్ డిపాజిటరీ కూడా 2023 ఏప్రిల్‌లో కట్టేసింది. ఇప్పుడు అమెరికా నుంచి లావుపాటి పుస్తకం తెప్పించాలంటే పుస్తకం ధర, పోస్టేజీ, పైన పది శాతం జీఎస్టీ. లోపల ఏముందో చూడకుండా అంత పెట్టడం ఎవరికైనా చేతులు రాని పనే. నేను మా పేట లైబ్రరీలో అడిగాను. మా దగ్గరున్న మోడల్ మీద ఒక గైడు వేరే బ్రాంచిలో ఉంటే తెప్పించి, మూడు వారాలకి ఇచ్చారు. పైసా ఖర్చు లేదు. పేరెందుకుగానీ, అందరూ మంచిదనే గైడే.

మామగారు పుస్తకం అందుకుంటూ మల్లినాథుణ్ణి తలుచుకున్నారు. మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం అంటారు. కాళిదాసు కావ్యాలకి ఆయన రాసిన వ్యాఖ్య సంజీవని. సంస్కృతం చదువుకునేవాళ్ళు ఇప్పటికీ ఆయన చెయ్యి పట్టుకునే రఘువంశంలోకి వెళతారు. వ్యాఖ్య మొదలుపెడుతూనే ఆయన తనకి తాను రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయకూడదు. అవసరం లేనిది చెప్పకూడదు.

"మాన్యువల్ మూలం. ఇది వ్యాఖ్యానం. ఆ రెండు నియమాలతోనే తూచి చూద్దాం" అన్నారు మామగారు.

తూచే పద్ధతి కూడా ఆయనే పెట్టారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మాన్యువల్లో లేని మాట గైడులో ఎక్కడ కనబడితే అక్కడ ఒక కాగితం ముక్క పెట్టాలి. లైబ్రరీ పుస్తకం కదా, పెన్సిలు తగలకూడదు. వారం రోజులు పొద్దున్న కాఫీ దగ్గర్నుంచి మధ్యాహ్నం కునుకు దాకా ఇదే పని. వారం చివర చూస్తే కాగితాలు మూడుచోట్ల గుత్తులుగా ఉన్నాయి. మిగతా పుస్తకం చాలామటుకు బోడిగా ఉంది.

మొదటి గుత్తి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ దగ్గర. మాన్యువల్ ఏమంటుంది? ఈ బటన్ పట్టుకుని ఈ చక్రం తిప్పండి, ప్లస్ వైపు తిప్పితే ఫొటో వెలుగు పెరుగుతుంది, మైనస్ వైపు తిప్పితే తగ్గుతుంది. అంతే, అందులో అబద్ధమేమీ లేదు. గైడు ఇంకో మెట్టు కిందికి దిగి కారణం చెబుతుంది. కెమెరా మీటరుకి లోకమంతా ఒకే మధ్యరకం బూడిదరంగు. తెల్లపంచె నిండుగా కనబడే పెళ్ళికొడుకుని చూపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని మాపుతుంది. నల్లకోటు చూపిస్తే తక్కువైందనుకుని వెలిసిపోయేలా చేస్తుంది. అంచేత తెలుపుకి ప్లస్సు, నలుపుకి మైనస్సు. శీతాకాలంలో మౌంట్ బుల్లర్ మీద మంచులో తీసుకున్న ఫొటోలు ఇళ్ళకొచ్చి చూసుకుంటే బూడిద పోసినట్టు ఎందుకుంటాయో ఈ ఒక్క పేరాతో తేలిపోతుంది.

రెండో గుత్తి ఫోకస్ దగ్గర. మాన్యువల్లో ఫోకస్ పద్ధతులన్నీ వరసగా, ఒక్కోదానికి ఒక్కో బొమ్మతో ఉన్నాయి. గైడు రాసినాయన వాటిలో రెండు ఉంచుకుని తక్కినవి మరిచిపొమ్మన్నాడు. కూర్చున్న మనిషికి ఒక్క చుక్క. కదిలే మనిషికి మొహాన్ని పట్టుకుని వెంటబడేది. కంపెనీ ఎన్నటికీ అనలేని "మరిచిపోండి" అన్నమాట కోసమే గైడు కొనాలనిపించింది నాకు.

మూడోది ఆటో ఐఎస్‌ఓ దగ్గర. గరిష్ఠ ఐఎస్‌ఓ ఎంత, కనిష్ఠ షట్టర్ వేగమెంత అని మాన్యువల్ రెండు గళ్ళు చూపించి వదిలేస్తుంది. గైడు ఆ గళ్ళలో ఏమి నింపాలో, ఎందుకో చెబుతుంది. పరిగెత్తే పిల్లలకి షట్టర్ కనీసం 1/250, కూర్చున్న పెద్దవాళ్ళకి 1/60 చాలు. ఫొటోలో కాస్త రవ్వ కనబడినా మన్నించొచ్చు, మనిషి అలికినట్టయితే మన్నించలేం.

బోడిగా ఉన్న భాగంలో ఏముంది? మెనూలో మొదటి గడి నుంచి చివరి గడి దాకా వరసగా, మాన్యువల్ చెప్పిందే కాస్త సాగదీసి, మధ్యమధ్య ఒక జోకు వేసి చెప్పడం. ఆ తర్వాత ఫొటోగ్రఫీ అంటే ఏమిటి, లెన్సులెన్ని రకాలు అని కొన్ని అధ్యాయాలు. అదే రచయిత వేరే మోడల్ మీద రాసిన గైడు కూడా తెప్పించి చూశాం. ఆ అధ్యాయాలు ఇంచుమించు అవే. మల్లినాథుడి రెండో నియమం అక్కడ తప్పినట్టే. పైగా మోడల్ పేరు పెట్టి రాసిన పుస్తకం తొందరగా పాతబడుతుంది. ఫ్యూజీ ఎక్స్-టీ1 కెమెరాకి 2015లో వచ్చిన ఫర్మ్‌వేర్ దాని ఆటోఫోకస్ పద్ధతినే మార్చింది. నికాన్ జడ్9కి 2022 ఏప్రిల్లో వచ్చిన ఫర్మ్‌వేర్ కొత్త సౌకర్యాలు బోలెడు తెచ్చింది. కెమెరా రాత్రికి రాత్రి మారిపోతుంటే అచ్చయిన పుస్తకం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ-బుక్కుగా రాసినవాళ్ళకి సరిదిద్దుకునే వీలైనా ఉంది.

ఇక మొదటి నియమం, ఆధారం. మాకు అసలు విషయం తెలిసింది ఇక్కడే. గైడు చెప్పినవాటికి ఆధారం లేకపోలేదు. కాని ఆ ఆధారం అమెరికాలో ఉంది.

కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి తీసే ఫొటోల గురించి గైడులో మంచి అధ్యాయముంది. ఉత్తరం వైపు కిటికీ ఎంచుకోండి, రోజంతా మెత్తటి వెలుతురు ఉంటుంది అని రాశాడు. మామగారు మా అమ్మాయిని ఉత్తరం కిటికీ దగ్గర కూర్చోబెడితే ఎండ సూటిగా మొహాన కొట్టి పిల్ల కళ్ళు చికిలించింది. ఆయన ఒక్క నిమిషం బయటికి చూసి నవ్వారు. "ఇక్కడ సూర్యుడు ఉత్తరాన నడుస్తున్నాడు కదా బాబూ!" అవును. ఉత్తరార్ధగోళంలో, మన దగ్గర కూడా ఏడాదిలో ఎక్కువకాలం, సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. కాబట్టి ఉత్తరం కిటికీ నీడన ఉంటుంది. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా ఉత్తరాన్నే ఉంటాడు. ఇక్కడ ఇళ్ళమ్మేవాళ్ళు ఉత్తరం వైపు హాలుందని గొప్పగా ప్రకటించేది చలికాలంలో లోపలికి ఎండ వస్తుందనే. వాస్తు చూసుకునే మనవాళ్ళు అదే ఇల్లు వేరే కారణంతో కొంటారు. ఫొటోకి మాత్రం ఇక్కడ దక్షిణం కిటికీయే కావాలి. నడివేసవిలో పొద్దున్నా సాయంత్రం అటునుంచి కూడా కాస్త ఎండ తొంగిచూస్తుంది, అది వేరే సంగతి.

ఇలాంటివే మరికొన్ని. ఆకురాలు కాలపు రంగులకి అక్టోబరులో బయల్దేరమంటుంది గైడు. విక్టోరియాలో బ్రైట్ ఊరి చెట్లు ఎర్రబడేది ఏప్రిల్, మే నెలల్లో. రాత్రిపూట నక్షత్రాలు గుండ్రంగా తిరిగినట్టు తీయాలంటే ధ్రువనక్షత్రం వైపు కెమెరా పెట్టమంటుంది. ఇక్కడి ఆకాశంలో ధ్రువనక్షత్రం లేదు. దక్షిణ ధ్రువం దగ్గర కంటికి ఆనేంత చుక్క కూడా లేదు. సదరన్ క్రాస్ పొడుగు కొమ్మని దాని పొడవుకి నాలుగున్నర రెట్లు ముందుకి సాగదీసి, ఆ చోటు అని లెక్కకట్టుకోవాలి. వీడియోకి సెకనుకి ముప్పై ఫ్రేములు, షట్టర్ 1/60 అంటుంది. మన దగ్గరా, ఇక్కడా అలవాటైన లెక్క ఇరవై అయిదు ఫ్రేములు, 1/50.

ఆ చివరి లెక్క వెనకున్న కారణమే మామగారి అసలు పనికి అడ్డొచ్చింది. జులై చివర స్కూలు హాల్లో రిహార్సల్ జరిగింది. పాతకాలపు హాలు, పాతకాలపు ట్యూబ్‌లైట్లు. ట్యూబ్‌లైట్ల కింద షట్టర్ 1/125 పెట్టుకుంటే ఇబ్బంది ఉండదని గైడు చెప్పింది, ఆయన పెట్టుకున్నారు. కాస్త కదలిక ఆగాలని మధ్యలో 1/250 కూడా పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే వరసగా తీసిన ఫొటోల్లో ఒకటి తెల్లగా, దాని పక్కది మాగిపోయి పచ్చగా, ఇంకోటి మధ్యరకంగా ఉన్నాయి. అదే స్టేజీ, అదే దీపాలు, అదే పిల్ల.

కారణం కరెంటు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఆస్ట్రేలియాలోనూ ఇండియాలోనూ 50. పాత రకం ట్యూబ్‌లైటు నిలకడగా వెలగదు. 60 హెర్ట్జ్ దగ్గర సెకనుకి 120 సార్లు, 50 దగ్గర 100 సార్లు ఎక్కువ తక్కువలవుతుంది. మన కంటికి ఆ మినుకు కనబడదు, షట్టరుకి కనబడుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో సరిగ్గా ఒక పూర్తి మినుకు పడితే ప్రతి ఫొటోకీ ఒకే వెలుతురు అందుతుంది. అమెరికాలో అది ఇంచుమించు 1/125. ఇక్కడ 1/100. షట్టర్ అంతకన్నా వేగమైతే ఒక ఫొటోకి మినుకులోని వెలుగు, ఇంకో ఫొటోకి నీడ దొరుకుతుంది.

ఈ కారణం మాకు దొరికింది ఎక్కడనుకున్నారు? మాన్యువల్లో. మీ ప్రాంతపు కరెంటుకి తగినట్టు 50 గాని 60 గాని ఎంచుకోండి అని మెనూల జాబితాలో ఒక పొడి వాక్యముంది. నాలుగు రోజుల చదువులో మామగారికి ఆ అంకెలు గుర్తుండిపోయాయి. ఏ ఊరి గురించీ మాట్లాడని పుస్తకం అన్ని ఊళ్ళకీ చోటు ఉంచింది. ఒక ఊరి గురించి వివరంగా మాట్లాడిన పుస్తకం మా ఊరికి పనికిరాలేదు. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ టూ మొదలు కొన్ని కెమెరాలు ఆ మినుకుని తామే కనిపెట్టి, వెలుతురు పైకి లేచినప్పుడే షట్టర్ వదులుతున్నాయి. మా దగ్గరున్న దాంట్లో ఆ సదుపాయం లేదు.

సరే, 1/100 పెట్టాలి. కాని 1/100కి నాట్యం ఆగదు, చేతులు అలికినట్టు వస్తాయి. దీనికి మాన్యువల్ దగ్గరా జవాబు లేదు, గైడు దగ్గరా లేదు. మామగారి దగ్గరుంది. "జతి ఎంత జోరుగా నడిచినా ముక్తాయింపు దగ్గర ఒక్క క్షణం నిలుస్తుంది బాబూ. పాదం నిలుస్తుంది, చూపు నిలుస్తుంది. అక్కడ నొక్కుతా" అన్నారు. మిగిలిన పది రోజులూ కెమెరా పక్కన పెట్టి, మనవరాలి ప్రాక్టీసు పాటలు వింటూ ముక్తాయింపులు ఎక్కడెక్కడ వస్తాయో కాగితం మీద రాసుకున్నారు.

ప్రోగ్రాం రోజున తీసినవన్నీ బాగా వచ్చాయని చెప్పను. వరస ఫొటోల్లో వెలుతురు మాత్రం ఒకేలా ఉంది. నిలుపుల దగ్గర తీసినవి నిలిచాయి. ఆల్బముకి సరిపడా ప్రింట్లు వేయించాం, చివరి భంగిమలో పిల్ల కళ్ళు అత్తగారి వైపే చూస్తున్నట్టున్నది పెద్ద సైజులో.

ఆల్బముతో పాటు మామగారు తనకోసం ఒక కాగితం కూడా రాసుకున్నారు, తెలుగులో. అది నేను ఫొటో తీసి ఉంచుకున్నాను. ఆయన అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను.

తెలుపుకి హెచ్చించు, నలుపుకి తగ్గించు.

కూర్చున్నవారికి ఒక్క చుక్క. కదిలేవారికి మొహం పట్టుకునేది.

ఈ దేశంలో దక్షిణపు కిటికీ. మన దేశంలో ఉత్తరపు కిటికీ.

ట్యూబ్‌లైటు కింద రెండు దేశాల్లోనూ 1/100.

మసక వెలుతురులో రవ్వకి భయపడకు, కదలికకి భయపడు.

ఆట తెలియకుండా ఆటని తీయలేవు. ముందు చూడు, తర్వాత తీయి.

ఆరు వాక్యాలు. మాన్యువల్ నుంచి ఒకటి, గైడు నుంచి మూడు, గైడుని మన నేలమీద తిప్పిచూస్తే వచ్చింది ఒకటి, ఆయన జీవితంలోంచి ఒకటి. గైడు మాన్యువల్ కంటే మెరుగా అన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఈ లెక్కే. మెరుగే, కాని ఆ లావంతా కాదు. కారణం చెప్పినచోట, "ఇది చాలు, అది వదిలెయ్" అని తెగించి చెప్పినచోట మెరుగు. మెనూని తిరిగి అప్పజెప్పినచోట దండగ. రాసినవాడి ఊరు మన ఊరనుకుని నమ్మితే నష్టం కూడా.

కాబట్టి కెమెరా కొత్తగా కొన్నవాళ్ళకి నేను చెప్పేదిది. మాన్యువల్‌ని నిఘంటువులా దగ్గర పెట్టుకోండి. ఫోనులో పీడీఎఫ్ ఉంటే మాట వెతుక్కోవడం తేలిక. ఒక్కసారైనా మొదటి నుంచి చివరి దాకా తిరగేయండి, ఏముందో గుర్తుండకపోయినా ఎక్కడుందో గుర్తుంటుంది. మీ మోడల్ పేరున్న గైడు లైబ్రరీలో దొరికితే తెచ్చుకుని కాగితం ముక్కల పరీక్ష పెట్టండి. చాలామందికి మూడు వారాలు చాలు, కొనక్కర్లేదు. కొనాలనే ఉంటే మోడల్ పేరు లేని పుస్తకం కొనండి. బ్రయాన్ పీటర్సన్ రాసిన అండర్‌స్టాండింగ్ ఎక్స్‌పోజర్ మొదట వచ్చింది 1990లో, ఫిల్ము రోజుల్లో. కెమెరాలు ఎన్ని మారినా దాన్ని మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తూనే ఉన్నారు, ఎందుకంటే అది వెలుతురు గురించి రాసిన పుస్తకం. ఈ గడ్డమీద రాసినవి కావాలంటే, ఇక్కడి ఫొటో రివ్యూ పత్రికవాళ్ళు వేసిన చిన్న పాకెట్ గైడ్లు పాత పుస్తకాల షాపుల్లో దొరికితే వదలకండి. సూర్యుడు ఏ వైపున నడుస్తాడో వాళ్ళకి తెలుసు.

ఇంకొక్క మాట. మా కెమెరాతో వచ్చిన కాగితాల్లో ఎన్నో భాషలున్నాయి, తెలుగు లేదు. లైబ్రరీ తెచ్చిచ్చిన గైడూ ఇంగ్లీషే. మామగారు ఇంగ్లీషు చదువుకున్న మనిషి గనక నెట్టుకొచ్చారు. మా అత్తగారికి కెమెరా ఇస్తే ఆవిడకి ఆ రెండు పుస్తకాలూ ఒకటే, తెరవనక్కర్లేదు. ఆవిడ చేతిలో పెట్టదగ్గది ఆ ఆరు వాక్యాల కాగితమే. మీ ఇంట్లో కెమెరా వాడేవాళ్ళెవరైనా ఉంటే, అమ్మకో నాన్నకో ఒక కాగితం రాసివ్వండి. ఒక్క పేజీ దాటనివ్వకండి. ఆధారం లేనిదీ అవసరం లేనిదీ అందులో ఉండకూడదని మల్లినాథుడు ఎప్పుడో చెప్పాడు.